హైదరాబాద్–రాజమండ్రి: గంటలో ఇమిడిన పనితనం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి రాజమండ్రి దగ్గరి మధురపూడికి ఆకాశంలో నేరు దూరం సుమారు 360 కిలోమీటర్లు. ఈ దారిలో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఏటీఆర్ 72 విమానం పైకెక్కి నిలకడగా సాగేటప్పుడు గంటకు దాదాపు 510 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే 42 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంటా పది నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ అరగంట ఎక్కడికి పోయింది?

అది ఆలస్యం కాదు, వృథా అంతకన్నా కాదు. విమానయానంలో ఉన్న పనితనమంతా దాదాపు అక్కడే దాగి ఉంది. పది గంటల ప్రయాణంలో ఐదు నిమిషాలు ఎక్కడో కలిసిపోతాయి. దారిలో గాలి కలిసొస్తే మళ్లీ చేతికొస్తాయి. గంట ప్రయాణంలో ఆ వెసులుబాటు లేదు. ఒక మలుపు పెద్దదైనా, సామాను ఎక్కించడంలో తడబాటు జరిగినా, దిగడం నాలుగు నిమిషాలు ముందు మొదలుపెట్టినా లెక్క వెంటనే బయటపడుతుంది. అందుకే పనివాళ్ల నేర్పు చూడాలంటే చిన్న ఊళ్ల మధ్య తిరిగే చిన్న విమానాన్ని చూడాలి. రాత్రి రైలు ఎక్కి తెల్లవారాక దిగే దూరాన్ని గంటలోకి కుదించినవాళ్లు చాలామంది. వాళ్ల పని ఒక్కొక్కటిగా చూద్దాం.

దూరం కొలిచిన చేతులు

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత అన్న ప్రశ్నకు ఇవాళ ఫోన్ క్షణంలో జవాబు చెబుతుంది. ఆ క్షణం వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన శ్రమ ఉంది. అందులో కొంత మన నేల మీదే జరిగింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఉక్కు గొలుసుతో నేలను కొలిచి, ఆ ఒక్క గీత ఆధారంగా త్రికోణాలు అల్లుకుంటూ దక్షిణాదిని లెక్కలోకి తెచ్చాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్‌కు అప్పగించిన తొలి పనుల్లో ఒకటి కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతాన్ని కొలవడం. ఆ అడవుల్లో జ్వరం పట్టి ఆయన మంచాన పడ్డాడు. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ఆయన పేరు మీద వచ్చిన భూగోళ కొలతలే భారత పటాలకు చాలాకాలం పునాదిగా నిలిచాయి. హైదరాబాద్–రాజమండ్రి విమానం దాటేది సరిగ్గా ఆ కృష్ణా గోదావరుల మధ్య నేలనే.

ఇప్పుడు ప్రపంచ విమానయానమంతా డబ్ల్యూజీఎస్ 84 అనే ఒకే భూరూపాన్ని వాడుతుంది. 1998 నుంచి అంతర్జాతీయంగా ఇదే ప్రామాణికం. అందులో భూమి గుండ్రటి బంతి కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకున్న గోళం. అలాంటి గోళం మీద రెండు బిందువుల మధ్య దూరం తీయడం సులువు కాదు. థాడియస్ విన్సెంటీ 1975లో ఇచ్చిన పద్ధతి ఆ పనిని మిల్లీమీటరు తేడాతో చేసిపెడుతుంది.

మన రెండు విమానాశ్రయాల విషయంలో ఒక చక్కని సౌకర్యం ఉంది. శంషాబాద్ అక్షాంశం సుమారు 17.24 డిగ్రీలు, మధురపూడి అక్షాంశం 17.11 డిగ్రీలు. రెండూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి. రేఖాంశాల తేడా 3.39 డిగ్రీలు. ఈ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 106 కిలోమీటర్ల పైచిలుకు. గుణిస్తే 360 కిలోమీటర్లు, కాగితం పెన్సిలుతోనే. పైలట్ల భాషలో ఇది 195 నాటికల్ మైళ్లు. సూర్యుడు ఒక డిగ్రీని నాలుగు నిమిషాల్లో దాటతాడు కాబట్టి మధురపూడిలో పొద్దు పొడిచిన సుమారు పదమూడున్నర నిమిషాలకు శంషాబాద్‌లో పొడుస్తుంది.

ఇంకాస్త లోతుకు వెళ్తే ఒక ముచ్చటైన సంగతి తెలుస్తుంది. దిక్సూచిలో ఒకే దిక్కు పట్టుకుని పోయే దారి, గోళం మీద అతి దగ్గరి దారి ఒకటి కావు. దగ్గరి దారి కొద్దిగా ఉత్తరానికి వంగుతుంది. హైదరాబాద్–రాజమండ్రి మధ్య ఆ వంపు నడిమధ్యన, అంటే ఖమ్మం దగ్గర, సుమారు 800 మీటర్లు. దాని వల్ల కలిసొచ్చే దూరం ఐదు మీటర్ల లోపు. విమానం పొడవే 27 మీటర్లు. అయినా విమానంలోని కంప్యూటర్ ఆ వంపు దారినే లెక్క కడుతుంది. ఐదు మీటర్లయినా సరే, సరైన లెక్క సరైనదే. పనితనం అన్న మాటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణల్లో ఇదొకటి.

దూరానికి తగిన పనిముట్టు

ఈ దూరానికి ఏటీఆర్ 72 ఎందుకంత బాగా నప్పుతుందో తెలియాలంటే దాని ఒళ్లంతా పరిశీలించాలి. ఫ్రాన్స్, ఇటలీ కంపెనీలు కలిసి 1981లో పెట్టిన సంస్థ ఏటీఆర్. తూలూజ్‌లో విమానాలు కూరుస్తారు. ఏటీఆర్ 72 మొదట ఎగిరింది 1988 అక్టోబరులో. ఇప్పుడు మన ఊళ్లకు వచ్చే 600 రకం 2009లో ఎగిరింది. ఇండిగో సంస్థ 2017 డిసెంబరు 21న హైదరాబాద్–మంగళూరు మధ్య తన తొలి ఏటీఆర్‌ను నడిపింది. ఆ సంస్థ ఏటీఆర్‌లలో 78 సీట్లు.

ముందు దాని ప్రొపెల్లర్ చూడండి. ఆరు రెక్కలు, వ్యాసం 3.93 మీటర్లు. టేకాఫ్‌లో నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది. అప్పుడు రెక్క కొస సెకనుకు దాదాపు 247 మీటర్ల వేగంతో గాలిని కోస్తుంది. లేచి కాస్త పైకెక్కాక పైలట్ చుట్లు తగ్గిస్తాడు. నిమిషానికి వెయ్యి లోపుకు వస్తాయి, కొస వేగం 200 మీటర్లకు దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు చప్పుడు ఒక్కసారిగా మెత్తబడినట్టు తెలిసేది అప్పుడే. చుట్లు తగ్గినా ముందుకు లాగే బలం పోదు. రెక్కలు తమ కోణాన్ని మార్చుకుని ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలిని పట్టుకుంటాయి. ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెట్టడం, తక్కువ గాలిని వేగంగా చిమ్మడం కన్నా ఇంధనానికి పొదుపు. తక్కువ ఎత్తులో, మధ్యస్థ వేగంలో జెట్ కన్నా ప్రొపెల్లర్ నెగ్గేది ఈ సూత్రం వల్లే.

రెక్కల సంగతీ అంతే. ఈ చివర నుంచి ఆ చివరకు 27 మీటర్లు, వెడల్పు తక్కువ. సన్నగా, పొడవుగా ఉన్న రెక్క నెమ్మది వేగంలోనూ బాగా ఎత్తుతుంది. బయటి భాగపు లోపలి కట్టడాన్ని కార్బన్ ఫైబరుతో చేశారు. 1980ల చివర్లో ప్రయాణికుల విమానానికి అది సాహసమే. రెక్కను ఒంటికి పైన అమర్చడంతో ప్రొపెల్లర్లు నేలకు దూరంగా ఉంటాయి, విమానం పొట్ట మాత్రం నేలకు దగ్గరగా దిగుతుంది. అందువల్ల పెద్ద నిచ్చెనలు, ఏరోబ్రిడ్జిలు అక్కర్లేదు. తలుపుకే ఉన్న మెట్లు చాలు.

ఆ తలుపు వెనక ఉంటుంది. సామాను గది ముందు, పైలట్ల వెనకాలే. ప్రయాణికులు తోక వైపు ఎక్కుతుంటే సామాను ముందు వైపు ఎక్కుతుంది. ఒకరి పని మరొకరికి అడ్డం రాదు. జనమంతా వెనక గుమిగూడి తోక కిందికి వాలకుండా దాని కింద ఒక ఊతకర్ర నిలబెడతారు. ఎక్కడం ముగిశాక దాన్ని తీసేస్తారు.

ఇంకో తెలివైన అమరిక కుడి ఇంజనులో ఉంది. నేల మీద ఉన్నప్పుడు ఆ ఇంజను నడుస్తూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకు ఆపి ఉంచుతుంది. దీన్ని హోటల్ మోడ్ అంటారు. చల్లగాలికీ కరెంటుకీ విడిగా ఇంకో చిన్న ఇంజను మోయాల్సిన పని తప్పుతుంది. ఆ బరువు ఆదా అయితే ప్రతి ప్రయాణంలోనూ ఇంధనం ఆదా. పెద్ద సదుపాయాలు లేని ఊళ్లను తలుచుకుని గీసిన విమానమిది.

సముద్రమట్టం దగ్గర నిండు బరువుతో ఎగరడానికి దీనికి సుమారు 1,300 మీటర్ల రన్‌వే చాలు. మధురపూడి పాత రన్‌వే 1,750 మీటర్ల దరిదాపుల్లో ఉండేది. తర్వాత దాన్ని మూడు కిలోమీటర్లు దాటించి పెద్ద జెట్లు దిగేలా చేశారు. కానీ పొడవు పెరగక ముందే రాజమండ్రికి విమానం ఉండటానికి కారణం ఈ రకం యంత్రాలే.

ఎక్కడం, సాగడం, దిగడం

360 కిలోమీటర్లలో విమానం నిలకడ ఎత్తులో సాగేది సగం కూడా కాదు. 42 నిమిషాల లెక్క తప్పేది ఇక్కడే.

శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున దక్కన్ పీఠభూమి మీద ఉంది. అక్కడి నుంచి 17,000 అడుగులకు చేరడానికి నిండు విమానానికి పదిహేను నుంచి పదిహేడు నిమిషాలు పడుతుంది. ఎక్కేటప్పుడు వేగం తక్కువ. ఈలోగా వంద కిలోమీటర్లు గడిచిపోతాయి. నేరు గీత మీద చూస్తే ఎక్కడం పూర్తయ్యే చోటు నకిరేకల్ ప్రాంతం. ఆ తర్వాత సూర్యాపేటకు కాస్త ఉత్తరంగా, ఖమ్మానికి కాస్త దక్షిణంగా సాగుతుంది. అసలు వేగంతో పోయేది ఈ భాగంలోనే. సత్తుపల్లి దాటగానే దిగడం మొదలు.

దిగడం ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి పైలట్లందరికీ నోటికొచ్చిన లెక్క ఒకటుంది. వదులుకోవాల్సిన ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణిస్తే ఎన్ని నాటికల్ మైళ్ల ముందు దిగడం ప్రారంభించాలో వస్తుంది. 17 వేల అడుగులకు 51 మైళ్లు, అంటే దాదాపు 95 కిలోమీటర్లు. ముందే దిగితే కింది చిక్కని గాలిలో ఎక్కువసేపు ఇంధనం కాల్చాలి. ఆలస్యంగా దిగితే ఎత్తు మిగిలిపోయి, దాన్ని కరిగించడానికి చుట్టు తిరగాలి. కంప్యూటర్ ఈ చోటును చూపిస్తుంది, కానీ మంచి పైలట్ తన మనసులోని లెక్కతో దాన్ని సరిచూసుకుంటాడు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారవుతుంది. మధురపూడి సముద్రమట్టానికి 150 అడుగుల పైన మాత్రమే ఉంది. పడమరకు పోయే విమానాలకు సరి సంఖ్య ఎత్తులు ఇస్తారు కాబట్టి 18,000 అడుగులకు ఎక్కాలి. వెళ్లేటప్పుడు ఎక్కినదానికన్నా దాదాపు మూడు వేల అడుగులు అదనం. దిగడంలో మాత్రం పీఠభూమి ఎదురొచ్చి అందుకుంటుంది, 16 వేల అడుగులు వదులుకుంటే చాలు. ఒకే దూరం, ఒకే విమానం, అయినా వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. గోదావరి తీరం నుంచి తెలంగాణ పీఠభూమికి ఎక్కే నేల వాలు నిమిషాల్లో తెలుస్తుంది.

ఎక్కడానికి పదిహేడు, సాగడానికి పద్దెనిమిది, దిగడానికి పదమూడు, రన్‌వేకు సరిచూసుకుని వాలడానికి ఐదు. ఆకాశంలో గడిపేది యాభై మూడు నిమిషాలు. నేల మీద రెండు చివరలా కలిపి పావుగంట. గంటా పది దగ్గరకు వచ్చేశాం.

మధ్యలోని ఆ పద్దెనిమిది నిమిషాల్లో లోపల జరిగే పని చూస్తే గౌరవం కలుగుతుంది. 78 మందికి ఇద్దరు క్యాబిన్ సిబ్బంది. బెల్టు గుర్తు ఆరిపోవడానికీ మళ్లీ వెలగడానికీ మధ్య దొరికే కొద్ది సమయంలో నీళ్లు, తిండి అందించి, చెత్త తీసుకుని, సీట్లు సరిచూడాలి. ముందు గదిలో ఒక పైలట్ నడుపుతుంటే మరొకరు మధురపూడి వాతావరణం అడిగి రాసుకుంటారు, దిగే బరువుకు తగిన వేగాలు తీస్తారు. ఏ రన్‌వే, ఏ పద్ధతి, దిగడం కుదరకపోతే ఎటు తిరగాలి అన్నది ఇద్దరూ గట్టిగా చెప్పుకుంటారు. పెద్ద విమానంలో తీరిగ్గా చేసే పనులన్నీ ఇక్కడ ఒకదాని వెంట ఒకటి, ఒక్కటీ వదలకుండా జరగాలి. 10,000 అడుగుల కిందకు వచ్చాక పనికి సంబంధం లేని మాట నిషిద్ధం.

రన్‌వే దిక్కు, గాలి దిక్కు

శంషాబాద్ రన్‌వేలు దాదాపు సరిగ్గా తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానాలు గాలికి ఎదురుగా ఎగురుతాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. గాలి తూర్పు నుంచి వీచే రోజున రాజమండ్రి విమానం తూర్పు ముఖంగా లేచి ముక్కు తిప్పకుండానే దారి పడుతుంది. వానాకాలంలో పడమటి గాలి బలంగా ఉన్నప్పుడు మొదట పడమరకు లేచి, వెనక్కి తిరిగి, వదిలిన విమానాశ్రయాన్ని పక్కగా దాటుకుంటూ తూర్పుకు పోవాలి. కొన్ని నిమిషాలు అక్కడే ఖర్చు.

అదే వానాకాలంలో తిరిగి వచ్చే విమానానికి ఆ నష్టం లాభమవుతుంది. తూర్పు నుంచి వచ్చి పడమర ముఖంగా నేరుగా దిగిపోతుంది. మధురపూడి రన్‌వే ఈశాన్య నైరుతి దిక్కుల్లో ఉంది కాబట్టి అక్కడి లెక్క ఇంకోలా ఉంటుంది. నైరుతి వైపు నుంచి దిగే వీలుంటే హైదరాబాద్ విమానానికి చిన్న మలుపు చాలు. లేకపోతే ఊరు దాటి వెనక్కి రావాలి. ఒక గాలి మార్పు రెండు ఊళ్లలో నాలుగు రకాలుగా నిమిషాలను పంచుతుంది.

పైన వీచే గాలి గురించి ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. దారి పొడవునా గంటకు 25 నాటికల్ మైళ్ల గాలి వెనక నుంచి తోస్తే 195 మైళ్లు 39 నిమిషాల్లో అయిపోతాయి. తిరుగు దారిలో అదే గాలి ఎదురైతే దాదాపు 47 నిమిషాలు. రెండూ కలిపితే గాలి లేని రోజు పట్టే 85 నిమిషాలకన్నా కాస్త ఎక్కువే. వెళ్లేటప్పుడు ఇచ్చినదాన్ని గాలి వచ్చేటప్పుడు పూర్తిగా తీసుకుని, పైన ఇంకొంచెం లాక్కుంటుంది. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ కావడమే కారణం. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు రానుపోను కలిపి చూసుకోవడం అందుకే.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తిరిగాక ఖమ్మం, భద్రాద్రి వైపు లేచే ఉరుము మబ్బులది వేరే పరీక్ష. ఏ విమానమూ వాటిలోకి వెళ్లదు. మధ్యలో మబ్బు ఉందని బయలుదేరినప్పుడే తెలిసి, మొదటి నుంచీ ఏటవాలుగా పోయి నడిమధ్యన పది మైళ్లు పక్కకు జరిగితే దూరం ఒక్క మైలే పెరుగుతుంది, సమయం పదిహేను సెకన్ల లోపు. అదే మబ్బుకు ఇరవై మైళ్ల దగ్గరికి వెళ్లి అప్పుడు తిప్పి, దాటాక ఇరవై మైళ్లలో మళ్లీ దారిలోకి వస్తే దాదాపు ఐదు మైళ్లు అదనం, నిమిషం పైన. మబ్బు ఒకటే, తప్పించుకున్న దూరమూ ఒకటే. ముందే చూసిన కంటికీ దగ్గరికొచ్చాక చూసిన కంటికీ నాలుగు రెట్లకు పైగా తేడా. నౌకరీలో ఏళ్లు గడిచాక వచ్చే నేర్పు అంటే ఇదే.

కనబడనివాళ్ల లెక్కలు

విమానం కదలక ముందే దాని ప్రయాణమంతా ఒకరు కాగితం మీద పూర్తి చేసి ఉంటారు. ఆయన డిస్పాచర్. ఎంత ఇంధనం పోయించాలన్నది ఆయన లెక్కతో మొదలవుతుంది. నేల మీద తిరగడానికి కొంత, దారికి కొంత, అనుకోని తేడాలకు దారి ఇంధనంలో వందకు ఐదు వంతులు, మధురపూడిలో దిగలేకపోతే వేరే ఊరికి పోవడానికి కొంత, అన్నీ అయ్యాక కూడా అరగంట గాలిలో ఉండగలిగేంత చివరి నిల్వ. ఈ చివరి నిల్వను ముట్టుకోవాల్సిన పరిస్థితి రాకుండా చూడటమే మొత్తం లెక్క ఉద్దేశం.

వేరే ఊరంటే గన్నవరం కావచ్చు, విశాఖ కావచ్చు. మధురపూడి నుంచి గన్నవరం సుమారు 125 కిలోమీటర్లు, విశాఖ సుమారు 165. దగ్గరిదని ఎప్పుడూ గన్నవరాన్నే పట్టుకుంటే కుదరదు. చలికాలం ఉదయాల్లో కోస్తా జిల్లాల మీద మంచు పరుచుకున్నప్పుడు రెండు చోట్లా ఒకేసారి చూపు ఆనకపోవచ్చు. అప్పుడు ఎక్కడ తెరిపి ఉంటుందో చూసి, అక్కడికి సరిపడా ఇంధనం పెట్టాలి. ఎక్కువ పోయించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి, మోసిన ప్రతి కిలో ఎక్కడాన్ని నెమ్మదింపజేస్తుంది. చాలినంత పెట్టడం, చాలకపోయే ప్రశ్నే రానివ్వకపోవడం, ఈ రెంటి మధ్య సన్నటి దారిలో డిస్పాచర్ రోజూ నడుస్తాడు.

శంషాబాద్ టవర్‌లో కూర్చున్న కంట్రోలర్‌ది మరో విద్య. 4,260 మీటర్ల రన్‌వే ఏటీఆర్‌కు అవసరమైనదానికన్నా చాలా ఎక్కువ. కాబట్టి చివరిదాకా వెళ్లకుండా మధ్య ట్యాక్సీవే నుంచే లేపే వీలుంది, నేల మీద నిమిషాలు మిగులుతాయి. కానీ ముందు ఒక భారీ విమానం లేచి ఉంటే దాని వెనక గాలి సుడులు తిరుగుతూ మిగులుతుంది. రన్‌వే మొదటి నుంచి లేచేవాళ్లకు రెండు నిమిషాల ఎడం ఇవ్వాలి, మధ్యలోంచి లేచేవాళ్లకు మూడు. దగ్గరి దారి తీసుకున్నందుకు ఒక నిమిషం జరిమానా పడవచ్చు. ఎవరిని ఎక్కడి నుంచి, ఎవరి వెనక పంపాలన్నది ఆయన ఆ క్షణంలో తేల్చాలి. ఆ తర్వాత అప్రోచ్, ఏరియా కంట్రోల్, చివరికి మధురపూడి టవర్, ఒక గొంతు నుంచి మరో గొంతుకు విమానం చేతులు మారుతుంది. ఎదురెదురు విమానాల మధ్య వెయ్యి అడుగుల ఎత్తు తేడా ఎక్కడా చెదరదు.

మధురపూడిలో నేల మీద పనిచేసేవాళ్లకు దొరికేది అరగంటకు అటూ ఇటూ. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి, తోక కింద ఊతం నిలపాలి, 78 మందిని దింపాలి, సామాను తీయాలి, లోపల ఊడవాలి, కొత్త సామాను తూచి ఎక్కించాలి. బరువు ముందు ఎంత, వెనక ఎంత అన్న లోడ్‌షీట్ పైలట్ చేతికి రావాలి. ఒకే విమానం రోజంతా ఊరూరూ తిరుగుతుంది. ఉదయం మధురపూడిలో పోయిన పది నిమిషాలు సాయంత్రానికి మరో ఊరి ప్రయాణికుల గడియారంలో తేలతాయి. ఎర్రటి ఎండలో వేడెక్కిన కాంక్రీటు మీద పరుగులు పెట్టే ఈ కుర్రాళ్ల వేగానికి అందుకే అంత విలువ.

నిమిషాలు రాసేవాళ్లు

ఇన్ని మార్పుల మధ్య ఒక్క అంకె వేయాలి. చక్రాల అడ్డుకట్టలు తీసిన క్షణం నుంచి అవతల మళ్లీ పెట్టిన క్షణం వరకు పట్టే కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద కనిపించేది అదే. మార్చి చివరి ఆదివారం వేసవి టైమ్‌టేబుల్, అక్టోబరు చివరి ఆదివారం శీతాకాలపు టైమ్‌టేబుల్ మొదలవుతాయి. గడిచిన కాలాల్లో ఇదే దారిలో, ఇదే వేళలో విమానం ఎంతెంత తీసుకుందో చూసి ఆ అంకె వేస్తారు. తక్కువ వేస్తే రోజూ ఆలస్యమే. ఎక్కువ వేస్తే విమానం ముందే చేరి, ఆ విమానంతో రోజుకు చేయగలిగిన మరో ప్రయాణం చేజారుతుంది.

ప్రభుత్వ విధానం కూడా దూరాన్నీ సమయాన్నీ కలిపే ఒక సూత్రం మీద నిలబడింది. 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం సుమారు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి నిర్ణీత సీట్లలో 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ప్రారంభించిన తొలి దారుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఆ దూరం సుమారు 300 కిలోమీటర్లు, అక్కడ తిరిగిందీ ఏటీఆరే. 80 సీట్ల లోపు విమానాలకు మన విమానాశ్రయాల్లో ల్యాండింగ్ రుసుము మినహాయింపు ఉంది. 78 సీట్ల యంత్రం ఆ గీతకు సరిగ్గా లోపల ఒదుగుతుంది. అంతకు ముందు 1980లలో ప్రభుత్వ విమాన సంస్థ వాయుదూత్ చిన్న విమానాలతో చిన్న ఊళ్లను కలపాలని ప్రయత్నించి, నిలబడలేక ఆగిపోయింది. కోరిక అప్పుడూ ఉంది. దూరానికి తగిన యంత్రం, యంత్రానికి తగిన లెక్క, లెక్కకు తగిన ధర ఒకచోట చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు రాజమండ్రికి జెట్లూ వస్తున్నాయి. ముంబయి, ఢిల్లీ దూరాలకు అవే తగినవి. కానీ 195 మైళ్ల దారిలో జెట్ ఎంత పరుగెత్తినా ఎక్కడం, దిగడం, నేల మీద తిరగడం తప్పవు కాబట్టి మిగిలేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం కాల్చాల్సిన ఇంధనం ఎంతో ఎక్కువ. వేగమే గొప్ప అనుకునే కాలంలో, ఇంత దూరానికి ఇంత వేగం చాలు అని తేల్చి చెప్పడానికి ధైర్యం కావాలి. ఏటీఆర్‌ను గీసినవాళ్లకు నలభై ఏళ్ల కిందటే ఆ ధైర్యం ఉంది.

ఈ పనిలో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది నిజాయితీని. గంటా పదికి బదులు గంటన్నర అని రాసుకుంటే ప్రయాణికుడు పట్టించుకోడు, పైగా ముందే చేరామని సంతోషిస్తాడు. పావుగంట లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టని రంగంలో ఆ సౌలభ్యం వాడుకోవాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. అయినా దూరం ఐదు మీటర్ల దాకా, మబ్బు పదిహేను సెకన్ల దాకా, ఇంధనం కిలోల దాకా సరిచూసుకుని, చేయగలిగిన సమయాన్నే టికెట్ మీద వేసి, దాన్ని రోజూ నిలబెట్టుకునే జట్టు ఎక్కడ ఉంటే అక్కడ మనం చదివే ఆ అంకె ఒక మాట ఇచ్చినట్టు. రాజమండ్రిలో ఉదయం విమానమెక్కి హైదరాబాద్ ఆస్పత్రిలో చూపించుకుని రాత్రికి ఇంటికి చేరాలనుకునే మనిషి తన రోజంతా ఆ మాట మీద కట్టుకుంటాడు. అలాంటి మాటను నిలబెట్టే పనికి మించిన పనితనం ఈ రంగంలో మరొకటి లేదు.